తిమూరు – తిమ్మిరి
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి డి.ఏ. బకాయిల మీద, వైద్య బిల్లుల మీద పెద్దలు చాలా విలువైన విషయాలు చెప్పారు. భోజనాలకు ముందు ఒక అరగంట ఏదైనా తేలిక విషయం మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. ఒక ముళ్ళపొద గురించి మాట్లాడతానన్నాను. "ముళ్ళ సంగతి తేలికెలా అవుతుందండీ?" అన్నారాయన. తిండి సంగతీ పళ్ళ సంగతీ కూడా ఉందంటే ఒప్పుకున్నారు. మన వయసులో ఆ రెండూ ముఖ్యమే కదా.

1985లో అప్పటి రాష్ట్ర విద్యుత్ బోర్డు నుంచి నన్ను డెప్యుటేషన్ మీద పిథోరాగఢ్ జిల్లాలో ఒక జలవిద్యుత్ ప్రాజెక్టుకు పంపారు. ఆ జిల్లా ఇప్పుడు ఉత్తరాఖండ్‌లో ఉంది. అప్పటికి ఉత్తరప్రదేశే. కాళీనది ఇవతల మనం, అవతల నేపాల్. నాకు అప్పగించిన పని లైను సర్వే. టవర్లు ఎక్కడెక్కడ లేపాలో గుర్తులు పెట్టుకుంటూ కొండ ఎక్కడం, లోయలోకి దిగడం, మళ్ళీ ఎక్కడం. ఈ సభలో లైను పని చేసినవారు చాలామంది ఉన్నారు గనుక ఆ కష్టం విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ కొండవాలులో పొలాల గట్లమీద, బాటల పక్కన ఒక పొద విరివిగా కనబడేది. మనిషెత్తు, అంతకు కాస్త ఎక్కువ. వదిలేస్తే చిన్న చెట్టంత కూడా అవుతుంది. కొమ్మ మీద ఆకు పుట్టేచోట రెండేసి ముళ్ళు, ఆకు నడిమి ఈనె మీద కూడా ముళ్ళు. ఆకుకాడకు రెండువైపులా సన్నటి రెక్కల్లాగా ఉంటుంది. మన తుమ్మముల్లు గుచ్చుకుని ఊరుకుంటుంది. ఇది చొక్కా పట్టుకుంటే వదలదు. ముందు వెళ్ళే గొలుసు మనుషులు దాన్ని చూడగానే "తిమూర్, సాబ్" అని కేక వేసి పక్కకు తప్పుకునేవారు. అదే దాని పేరు. తిమూరు. కొన్ని ఊళ్ళలో తిమ్రూ అంటారు, నేపాలీలు టిముర్ అంటారు.

ఒకచోట మా లైను సరిగ్గా ఒక ముసలావిడ పొలంగట్టు మీదుగా వెళ్ళింది. ఆ గట్టు పొడుగునా తిమూరు కంచె. అడవి కొట్టే ముఠావాళ్ళు కత్తులు తీశారు. ఆవిడ కంచెకు అడ్డంగా నిలబడింది. అక్కడ అవ్వను ఆమా అని పిలుస్తారు. "ఆమా, పక్కకు జరుగు, దీనికి పరిహారం ఇస్తారులే" అన్నాడు మేస్త్రీ. ఆవిడ నావైపు తిరిగి, "ఎంతిస్తారు సాబ్?" అని అడిగింది.

నేను పట్టిక తీసి చూశాను. అక్రోటు చెట్టుకు ఇంత, నారింజకు ఇంత అని ఉంది. తిమూరు పేరు లేదు. 'పొదలు, తుప్పలు' అనే పద్దు కిందికి వస్తుంది. ఆ పద్దుకు ఎదురుగా గీత గీసి ఉంది, అంటే పైసా లేదు. అదే చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. గట్టు మీద కూర్చుని లెక్క చెప్పింది. "నారింజలు కోతి తింటుంది. మక్కజొన్న అడవిపంది తింటుంది. దీన్ని ఏదీ ముట్టదు. నా పొలానికి ఇదే గోడ. పుల్ల విరిస్తే పళ్ళు తోముకుంటాం. కాయ నూరితే ఉప్పులోకి, పచ్చడిలోకి. మిగిలింది శరదృతువులో షావుకారు వచ్చి తూచుకుని పోతాడు, ఏడాదికి ఉప్పూ నూనే వస్తాయి. దీన్ని తుప్ప అని రాసినవాడు ఏం తింటాడు సాబ్?"

అది 132 కె.వి. లైను. తీగకూ నేలకూ మధ్య కనీసం 6.1 మీటర్లు ఉండాలని మన నిబంధన. ఏటా కొమ్మలు కత్తిరించే కంచె రెండు మీటర్లు మించదు. తీగకు దానివల్ల వచ్చే ప్రమాదం ఏమీ లేదు, కొట్టవలసిన అవసరం లేదని అక్కడికక్కడే రాసిచ్చాను. నిబంధన ప్రకారమే రాశాను గనుక పైవాళ్ళు మారుమాట అనలేదు. మేస్త్రీ మాత్రం ఆ రోజు కూలీ లెక్క తగ్గిపోయిందని రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు.

ఆమా కొంగుముడి విప్పి నాలుగు కాయలు నా చేతిలో పోసింది. మిరియమంత ఉంటాయి. పండినప్పుడు ఎర్రబడి, ఎండాక నోరు తెరుచుకుంటాయి. లోపల నిగనిగలాడే నల్లటి గింజ ఉంటుంది. దాన్ని తీసి పారేస్తారు, ఇసుకలా పంటికింద కరకరలాడుతుంది. మసాలా అంతా పైతొక్కలోనే ఉంది. ఆ తొక్క నమిలితే ముందు నిమ్మతొక్క వాసన, ఆ తరవాత కాస్త కారం, నోటినిండా నీళ్ళు. అర నిమిషం గడిచేసరికి పెదవులు, నాలుక చివర జివ్వుజివ్వుమని కొట్టుకోవడం మొదలవుతుంది. పది పదిహేను నిమిషాలు తిమ్మిరి. తిమూరు తింటే తిమ్మిరి! ఈ రెండు మాటలకూ చుట్టరికం ఉందని నేననను, భాషావేత్తలు కర్ర పట్టుకుంటారు. కానీ తెలుగువాడికి ఆ పేరు మరిచిపోయే వీలు మాత్రం లేదు.

నిమ్మ వాసన ఊరికే రాలేదు. ఈ మొక్కది నిమ్మ, నారింజ కుటుంబమే. మారేడు, వెలగ, మన కరివేపాకు కూడా ఆ ఇంటివే. ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే సూదితో పొడిచినట్టు చుక్కలు కనబడతాయి. అవి నూనె తిత్తులు. నిమ్మాకులోనూ అంతే, పిల్లలకు చూపించండి. శాస్త్రజ్ఞులు దీన్ని జాంథోజైలమ్ ఆర్మేటమ్ అంటారు. మొదటి మాటకు గ్రీకులో పసుపుపచ్చ కలప అని అర్థం. రెండోదానికి ఆయుధాలు ధరించినది అని. లైను సర్వే చేసినవాడెవడైనా ఆ రెండో మాట పెట్టినవాడికి దణ్ణం పెడతాడు.

కాశ్మీరు దగ్గర్నుంచి భూటాన్ దాకా హిమాలయాల్లో వెయ్యి, రెండు వేల మీటర్ల ఎత్తున ఇది పెరుగుతుంది. తూర్పు కనుమల్లో ఒడిశా, ఆంధ్ర కొండల మీద కూడా 1200 మీటర్ల ప్రాంతంలో ఉన్నట్టు వృక్షశాస్త్ర గ్రంథాల్లో నమోదైంది. అంటే మనకు పూర్తిగా పరాయిది కాదు. దీనికి జ్ఞాతి ఒకటి, చెట్టుగా పెరిగేది, మన అడవుల్లోనే ఉంది. మానంతా ముళ్ళ బుడిపెలు ఉంటాయి. రెండు వందల ఏళ్ళ క్రితం సామర్లకోటలో తోట వేసి పరిశోధించిన రాక్స్‌బర్గ్ దొర తెలుగువారి నోట దాని పేరు రచ్చమాను అని విని, ఆ రచ్చనే రెట్సా అని రాసి శాస్త్రీయ నామంలో పెట్టేశాడు. ఊరి పెద్దలు రచ్చ తీర్చేది ఆ చెట్టు కిందనట. అంత ముళ్ళచెట్టు కింద కూర్చుంటే తగువులు త్వరగానే తెమిలి ఉంటాయి. కొంకణంలో ఆ చెట్టు కాయనే తిర్ఫల్ అని చేపల కూరలో వేస్తారు.

ఇక మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఈ తిమ్మిరికి కారణమైన పదార్థాన్ని సాన్‌షూల్ అంటారు. దీని చుట్టమైన ఒక మొక్కకు జపానువాళ్ళు పెట్టుకున్న సాన్‌షో అనే పేరునుంచి వచ్చింది. 2013లో లండన్ యూనివర్సిటీ కాలేజీవారు ఒక పరీక్ష చేశారు. మనుషుల పెదవికి ఈ మసాలా రాసి, వేలికి ఒక కంపించే యంత్రం తగిలించి, "పెదవి మీది జలదరింపూ వేలి మీది జలదరింపూ ఎప్పుడు ఒకటిగా అనిపిస్తున్నాయో చెప్పండి" అన్నారు. సెకనుకు సుమారు 50 సార్లు అని తేలింది. అయ్యా, 50 సైకిల్స్! జీవితమంతా మనం ఏ ఫ్రీక్వెన్సీ కోసం రాత్రిళ్ళు మేలుకుని మీటరు ముల్లు చూస్తూ కూర్చున్నామో అదే. ఆమా కొంగుముడిలో ఉన్నది మన సప్లయే. కారంలాగా మంట పుట్టించడం కాదు ఇది చేసే పని. కంపనను గుర్తించే స్పర్శ నరాలను అది మీటుతుంది. ఏదీ తాకకపోయినా తాకినట్టు అవి కబురు పంపుతాయి. ఆపైన ఆ చోటు మొద్దుబారుతుంది.

ఈ మొద్దుబారడాన్ని మనుషులు ఎక్కడికక్కడే కనిపెట్టుకున్నారు. మన ఆయుర్వేదంలో ఈ కాయ పేరు తుంబురు. నారదుడితో పోటీపడి పాడే తుంబురుడు వేరు, ఈ తుంబురు వేరు. చూడటానికి ధనియాల్లా ఉంటుంది గనుక ఉత్తరాది పచారీ కొట్లలో నేపాలీ ధనియా అంటారు. సంస్కృతంలో ధనియాలకు కుస్తుంబురు అని పేరుండటం కూడా గమనించదగిందే. అజీర్తికి, కడుపునొప్పికి, పంటినొప్పికి వాడతారు. బెరడును తేజ్‌బల్ అంటారు. కొన్ని ఆయుర్వేద టూత్‌పేస్టుల డబ్బాల మీద తోమర్ బీజ్ అని రాసి ఉంటుంది, అది ఇదే. తోముకునేదానికి తోమర్! అటు అమెరికాలో కూడా దీని చుట్టాలున్నాయి. అక్కడి ఆదివాసులు బెరడు నమిలేవారు. ఇంగ్లీషులో ఆ చెట్టుకు పేరే పంటినొప్పి చెట్టు. హిమాలయాల్లో బెరడు, కాయ దంచి మడుగులో కలిపి చేపల్ని మత్తెక్కించి పట్టే అలవాటూ ఉంది. ఈ సంగతి దయచేసి గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

చైనావాళ్ళ సంగతి చెప్పకపోతే వాళ్ళకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. మిరపకాయ అమెరికానుంచి వచ్చి నాలుగైదు వందల ఏళ్ళే అయింది. అంతకు ముందు సిచువాన్ వంటకు ఘాటు ఇచ్చినవాటిలో ఈ జాతి కాయ ముఖ్యం. హాన్ వంశపు రాణుల అంతఃపురం గోడలకు దీన్ని మట్టిలో కలిపి పూసేవారు. గది వెచ్చగా సువాసనగా ఉంటుందని, గుత్తులు గుత్తులుగా కాసే కాయ గనుక సంతానం కలుగుతుందని. అమెరికా ప్రభుత్వం 1968 నుంచి 2005 దాకా ఈ చైనా కాయ దిగుమతిని నిషేధించింది. మనుషులకు హాని అని కాదు. నిమ్మతోటలకు వచ్చే గజ్జి తెగులు ఈ కాయలతోపాటు వస్తుందని భయం. ఒకే కుటుంబం కదా, జబ్బులూ ఒకటే. చివరికి 60 డిగ్రీల వేడిలో పది నిమిషాలు ఉంచి పంపాలనే షరతు మీద అనుమతించారు. నెల్లూరు జిల్లాలో నిమ్మతోటలున్న మన సభ్యులకు గజ్జి తెగులు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు మనవి. మా క్యాంపులో గోదావరి జిల్లానుంచి వచ్చిన లైన్‌మన్ ఒకడుండేవాడు. పేరు చెప్పను, మనవలతో సుఖంగా ఉన్నాడు. అతనికి కింది దవడ పన్ను పట్టుకుంది. వంటమనిషి తిమూరు కాయలిచ్చి పన్ను కింద పెట్టుకోమన్నాడు. ఐదు నిమిషాల్లో నొప్పి మాయం. ఆ సాయంత్రం అతను ఆ పొదకు నమస్కారం పెట్టడం నేను చూశాను. మర్నాడు మళ్ళీ నొప్పి, మళ్ళీ కాయ. ఇలా మూడు వారాలు. పిథోరాగఢ్ వెళ్ళి పన్ను చూపించుకోరా అంటే, "నొప్పే లేదండీ, సెలవెందుకు దండగ" అనేవాడు. ఒక ఉదయం నోరు తెరుచుకోలేదు. దవడ కింద గుమ్మడికాయంత వాపు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. జీపులో పడుకోబెట్టి ఘాట్ రోడ్డు మీద ఐదు గంటలు ప్రయాణం. దారిలో ఊపిరి ఆడటం కష్టమైంది. ఆస్పత్రిలో కోసి చీము తీశారు, పన్ను పీకారు, రక్తపరీక్షలో షుగరూ బయటపడింది. డాక్టరుగారు నాతో, "ఇంకొక్క రోజు ఆలస్యమైతే మీరు శవాన్ని తీసుకొచ్చేవారు" అన్నారు. మొక్కను ఒక్క మాట అనలేదాయన. ఆయన బల్ల మీదే తిమూరు పుల్లలున్నాయి. రోజూ వాటితోనే తోముకుంటారట.

మన కంట్రోల్ రూముల్లో అలారం ప్యానెల్ గుర్తుంది కదా. ట్రాన్స్‌ఫార్మర్ నూనె వేడెక్కితే గంట మోగుతుంది, దీపం వెలుగుతుంది. ఆపరేటర్ చేసే మొదటి పని 'యాక్సెప్ట్' బొత్తాం నొక్కడం. గంట ఆగుతుంది. దీపం ఆరదు. గంట ఆగింది కదా అని వెళ్ళి టీ తాగితే ఏమవుతుందో ఈ హాల్లో అందరికీ తెలుసు. తిమూరు గానీ, లవంగనూనె గానీ, మెడికల్ షాపులో కొనే నొప్పి బిళ్ళ గానీ యాక్సెప్ట్ బొత్తాలే. పన్ను మూలంలో చీము ఉంటే అది అలాగే ఉంటుంది. మడుగులో చేపకు నొప్పి తెలియదు, పట్టేవాడి చేతికి దొరకడమూ తెలియదు.

మనలో సగంమందికి షుగర్ ఉంది. షుగర్ ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు ఎక్కువ, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రాదు. ఇంకొకటి. దవడ నొప్పులన్నీ పంటి నొప్పులు కావు. గుండెకు రక్తం చాలనప్పుడు కొందరికి నొప్పి ఎడమ దవడలో, మెడలో కూడా తెలుస్తుంది. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే తగ్గే దవడ నొప్పికి కాయలూ కషాయాలూ వెతక్కండి, నేరుగా గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అమ్మలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆయన చెప్పరు, మీరే అడగాలి. మీకే వస్తే మీరూ దాచకండి.

ఆ కాయ కోసేవారి సంగతి కూడా నాలుగు మాటలు. ఈ మొక్కల్లో ఆడా మగా వేరు. మగ మొక్క కాయదు. నాటిన కొన్నేళ్ళకు గాని ఏది ఏదో తెలియదు. కోత దాదాపు ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య. ఎక్కువగా ఆడవాళ్ళే కోస్తారు. గుత్తికి గుత్తి మధ్య ముల్లే గనుక చేతులు చూస్తే జల్లెడలా ఉంటాయి. తొందరపడి కొమ్మలకు కొమ్మలు నరికి దులిపితే వచ్చే ఏడు పంట ఉండదు. నేపాల్‌లో సల్యాన్ జిల్లా తిమూరుకు పెట్టింది పేరు. అక్కడి సరుకు నేపాల్‌గంజ్ మీదుగా మన దేశంలోకి వస్తుంది. ఇటు ఉత్తరాఖండ్ కొండల్లో పిల్లలు ఢిల్లీకి, డెహ్రాడూన్‌కు పోయి, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి. మిగిలిన ముసలివాళ్ళకు కోతులతో, పందులతో పోట్లాడే ఓపిక లేదు. ఆ పరిస్థితిలో జంతువు ముట్టని, కొండగట్టు మీద తనంత తాను నిలిచే, ఎండబెడితే నెలల తరబడి చెడని పంట ఎంత విలువైనదో ఆమా లెక్కలోనే ఉంది. ఇలాంటివాటిని కాగితం మీద తుప్పలని రాయకుండా ఉంటే చాలు, సగం మేలు చేసినట్టే అని నా అభిప్రాయం.

కొందామనుకునేవారికి ఒకటి రెండు సూచనలు. కాయ నోరు తెరిచి ఉండాలి, నల్లగింజ ఉండకూడదు. గింజ ఉంచితే తూకం పెరుగుతుంది, అంతకు మించి ప్రయోజనం లేదు. వేళ్ళ మధ్య నలిపితే నిమ్మ వాసన గుప్పుమనాలి. పాతబడితే వాసనా తిమ్మిరీ రెండూ పోయి రంపపు పొట్టు తిన్నట్టుంటుంది. పొడి చేసి నిల్వ ఉంచకండి, కావలసినప్పుడు దోరగా వేయించి దంచుకోండి. ఉప్పు, ఎండుమిరప, వెల్లుల్లితో కలిపి నూరితే కొండవాళ్ళ ఉప్పుకారం. కాల్చిన టమాటా పచ్చడిలో నాలుగు కాయలు చాలు. మా ఆవిడ ఉడికించిన బంగాళాదుంపలకు నిమ్మరసం, నువ్వులపొడితోపాటు ఇది చల్లుతుంది. చారులో మాత్రం వేయకండి. ఒకసారి ప్రయత్నించాం, మా అల్లుడుగారు మర్యాదకు తాగి, ఆ తరవాత అరగంట మాట్లాడలేదు. హైదరాబాదులో పెంచుదామని విత్తనాలు అడగకండి, ఈ ఎండకు నిలవదు.

చిన్న పొట్లం ఒకటి తెచ్చాను. కుర్రాళ్ళు వరసగా పంచుతారు. మనిషికి ఒక్క తొక్క, ముందు పళ్ళతో రెండు సార్లు నమిలి నాలుక చివర ఉంచుకోండి. కట్టుడు పళ్ళవాళ్ళు నేరుగా నాలుక మీదే పెట్టుకోవచ్చు. పంటినొప్పి ఉన్నవారు మాత్రం పుచ్చుకోవద్దు. వాళ్ళు రేపు పొద్దున్నే డెంటిస్టు దగ్గరికి వెళ్ళి, ఆ రసీదు మన కోశాధికారిగారికి ఇవ్వండి, మెడికల్ బిల్లులో పెట్టే దారి ఆయన చూస్తారు. పెదవులు జివ్వుమంటే కంగారుపడకండి, 50 సైకిల్స్ సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకోండి. భోజనంలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలియాలంటే పావుగంట ఆగి కూర్చోండి.